గుండ్రాయికి జోల

మీరు ఆమెను వాడుకున్నారు. మీ ఇంట్లో కాన్పయితే ఆమె కావాలి, పేరంటం జరిగితే ఆమె కనబడకూడదు. మర్యాదగా మొదలుపెట్టమంటారా? పెట్టను. మా మేనత్త పోయిన మంగళవారం తెల్లవారుజామున పోయింది. ముదిగుబ్బ దగ్గర మా ఊళ్ళో, మా నాయన ఇంటి వెనక గదిలో, ముసలితనంతోనే పోయింది. శవం చుట్టూ చేరి "ఆయమ్మది సల్లని చెయ్యి" అని ముక్కులు చీదారు. అంత చల్లని చెయ్యి మీ బిడ్డల ఉయ్యాల తొట్టిని తాకితే మాత్రం ఎందుకు కాలుతుందో?

ఇది చదివే మీరు మా ఊరివాళ్ళు కాకపోవచ్చు. తప్పించుకోవద్దు. మొగుడు పోయి అన్న ఇంట్లో చేరిన ఇట్లాంటి అత్త మీ ఇంట్లోనూ ఒకామె ఉండే ఉంటుంది.

ఆమె మంత్రసాని కాదు. కాన్పులు కదిరి ఆసుపత్రిలో అయ్యేవి. ఆటో తల్లీబిడ్డలను వాకిట్లో దించిపోయాక, చూడవచ్చినవాళ్ళంతా బిడ్డ ముక్కు ఎవరిదో తేల్చి వెళ్ళిపోయాక, ఆమె పని మొదలయ్యేది. వాయిలాకు వేసి నీళ్ళు కాచడం, నడుము పట్టడం, గుడ్డలు ఉతకడం, అందరికంటే ముందు బాలింతకు వేడన్నం పెట్టడం. "బిడ్డను ఊరంతా సూస్తాది. తల్లిని ఒకరన్నా సూడల్ల" అనేది. ఆ పనికి పేరు లేదు. పిలిచేవాళ్ళు, పోయేది.

ఆమెను దేవతను మాత్రం చేయకండి, అది ఇంకో రకం మోసం. ఆమె నోరు మంచిది కాదు. వక్కాకు దొరక్కపోతే ఆ పూట ఇంటిల్లిపాదికీ తిట్లే. పులిజూదంలో దొంగాట ఆడేది. నేను సభలకు పోయి మూఢనమ్మకాల మీద మాట్లాడి వస్తే, ఉప్పూ మిరపకాయలూ నా చుట్టూ తిప్పి, "ఉపన్యాసం సాలించి ఈడ ఉమ్ము" అనేది. నేనూ ఉమ్మేదాన్ని.

నా కాన్పుకు నేను పుట్టింటికే వచ్చాను. పెద్దాపరేషన్ చేసి బిడ్డను తీశారు. నీళ్ళు బాగా తాగించమని నర్సు చెబితే మా అమ్మ బుద్ధిగా తల ఊపింది. ఇంటి గడప దాటగానే మరిచిపోయింది. చెవుల్లో దూది, మంచం కింద కుంపటి, తెల్లగడ్డ కారంతో పిడికెడన్నం. నీళ్ళడిగితే నాలిక తడిపేది. బాలింత నీళ్ళు తాగితే ఒళ్ళు నీరు పడుతుందట. ఆకాశంలో మబ్బు లేదని నెత్తిన చేతులు పెట్టుకునే మనుషులం మనం. కుండ నిండా నీళ్ళు పెట్టుకుని ఆడదాని నోరు ఎండబెడతాం. ఇంతకంటే రోత పని ఈ సీమలో నేను చూడలేదు.

మేనత్త చెంబు పట్టుకుని గది వాకిట్లో నిలబడింది. అమ్మ అడ్డంగా చెయ్యి పెట్టింది.

"వదినా, గొర్రె ఈనితే ముందు ఏం పెడతాం?"

అమ్మ చెయ్యి తీయలేదు.

"నీళ్ళే గదా. ఇది గొర్రెకన్నా కనాకష్టమా?"

అమ్మ చెయ్యి దించింది. ఆ చెంబెడు నీళ్ళు నేను ఆగకుండా తాగాను.

నీళ్ళతో తీరనిది ఇంకొకటి ఉండింది. బిడ్డను చూస్తే నాకు ఏమీ అనిపించేది కాదు. పాలిచ్చేదాన్ని, గోడ చూసేదాన్ని, కారణం లేకుండా ఏడ్చేదాన్ని. ఒకరోజు ఈ బిడ్డ నాకొద్దని పైకే అనేశాను. ఆ మాట వీధి వీధంతా తిరిగింది. గాలి సోకిందన్నారు, కన్నతల్లేనా అన్నారు. అమ్మ మంత్రించేవాడి కోసం కబురు పెట్టింది. మా అత్తగారు ఇంకో అడుగు ముందుకు వేసి, తొట్లో వేసే బారసాల దినానికల్లా కోడలు కుదురుకోకపోతే బిడ్డను తీసుకుపోతామని చెప్పి పంపింది. నాకొద్దని అన్నదాన్నే. తీసుకుపోతామనగానే బిడ్డను రెండు చేతులా పట్టుకున్నాను. ఈ రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఉంటాయో ఎవరూ అడగలేదు.

మేనత్త కూడా అడగలేదు. బిడ్డను తన ఒళ్ళోకి తీసుకుంది.

"పేమ ఈ పొద్దే పుట్టల్లని యాడ రాసిండాది? బిడ్డకు పాలు కావాల, నీకు నిద్ర కావాల. పేమ సంగతి తర్వాత సూస్తాం. పండుకో పాపా."

పడుకున్నాను. లేచేసరికి మంత్రించేవాణ్ణి వాకిట్లో నుంచే పంపేసింది. మర్నాడు నన్నూ బిడ్డనూ కదిరి బస్సెక్కించింది. దారి పొడుగునా డ్రైవర్‌ను గుంతలు చూసి నడపమని తిడుతూనే ఉంది, నా కుట్లు అదురుతాయని. డాక్టరమ్మ అంతా విని, ఇది జబ్బేననీ, చాలామంది తల్లులకు వస్తుందనీ, తగ్గుతుందనీ చెప్పి మందులు రాసింది. "ఇనినావా, జబ్బంట. దయ్యం గాదు, నీ కొవ్వూ గాదు" అంది మేనత్త బయటికి వస్తూ. మెల్లగానే తగ్గింది.

పూర్తిగా తేరుకోకముందే తొట్లో వేసే దినం వచ్చింది. అత్తగారి తరపు ముత్తైదువలు దిగారు. మేనత్తను ఎదుట పడవద్దన్నారు. ఆమె దొడ్లో గొర్రెల కొట్టంలోకి పోయింది. ఆ పట్టుచీరల మధ్య బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. ఎవరెత్తుకున్నా ఆగలేదు. అప్పుడు ఏం చేశారనుకుంటున్నారు? ఏడుపు మాన్పించుకు రమ్మని బిడ్డను దొడ్డిదారిన కొట్టంలోకి పంపారు. ఊరుకున్నాక వెనక్కి తెచ్చుకుని శుభం చేసుకుందామని. మాన్పేదానికి ఆ చెయ్యి పనికొస్తుంది, తొట్లో వేసేదానికి పనికిరాదు.

నేను బిడ్డ వెంటే పోయాను. మేనత్త పక్కన పేడగంప బోర్లించుకుని కూర్చుని పాలిచ్చాను. రమ్మని ఎంతమంది వచ్చినా లేవలేదు. ముహూర్తం దాటిపోతుందని లోపల గోల. ఆచారానికి తొట్లో పెట్టే గుండ్రాయి ఉంటుంది గదా, పొత్రం, ముందు దాన్ని పడుకోబెట్టి తర్వాత బిడ్డను వేస్తారు. ఆ రాయినే పడుకోబెట్టి, పసుపు పూసి, దుప్పటి కప్పి, జోల పాడారు. పాటలన్నీ దానికే పాడారు. నా మొగుడు పక్కన నిలబడి తాడు కూడా లాగాడట.

మేనత్త చెవి ఒగ్గి విన్నది. "పాడనీలే పాపా. రాయికన్నా నిద్ర పట్టనీ."

కాన్పు తర్వాత నేను మొదటిసారి నవ్వింది అప్పుడే.

మా అత్తగారు కొట్టంలోకే వచ్చింది, బిడ్డను ఇమ్మని చేతులు చాచింది. ఎదుట పడొద్దని చెప్పినాం గదా అని మేనత్తను గదమాయించింది.

"నేను రాలేదు తల్లీ. మీరే నా కాడికి వచ్చినారు." మేనత్త లేవను కూడా లేవలేదు. "తల్లి పాలిస్తాండాది. తాగినంక తల్లినే అడుగు."

అత్తగారు నన్నడిగింది. ఇవ్వనన్నాను. నా బిడ్డ అన్నాను. ఆ మాట నోట్లోంచి రావడం నాకే వింతగా వినబడింది.

ఆ బిడ్డే పెరిగి పెద్దదై మొన్న మేనత్త పాడె పట్టింది. దానికీ గొణిగారు, ఆడపిల్ల పట్టడమేమిటని. గొణుక్కోండి.

పాడె లేచేటప్పుడు ఎదురింటి కిటికీ తెరుచుకుంది. ఆ ఇంటి పిల్లకు ఈ మధ్యే కాన్పయింది. మేనత్త చివరగా సాకింది ఆమెనే. చూడవస్తానని ఏడిస్తే, బాలింత శవాన్ని చూడకూడదని లోపల వేసి గడియ పెట్టారు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, రెండు చేతులతో ఊచలు పట్టుకుని, మేం వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. ఆ గది తలుపు తట్టే మనిషి ఇప్పుడు లేదు.

అందుకని, సంతాపాలు చాలు. ఇవి చేయండి:

బాలింత అడిగినప్పుడల్లా నీళ్ళివ్వండి.

అందరికంటే ముందు ఆమెకు కడుపునిండా పెట్టండి.

ఆమె పడుకున్నప్పుడు బిడ్డను మీరు ఎత్తుకోండి. తండ్రి కూడా ఎత్తుకోవాలి, గుడ్డలు ఉతకాలి.

బిడ్డ మీద మనసు పోవడం లేదని ఆమె అంటే తిట్టకండి. డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.

బిడ్డను లాక్కుంటామని బెదిరించకండి.

మొగుడు లేని ఆడమనిషిని ముందు వాకిలి గుండా పిలవండి, తొట్టి ఊపనివ్వండి.

ఆ ఎదురింటి గడియ తీయండి. ఈ పొద్దే.