గోవిందస్వామి చేతి చలవ

బంగారుపాళ్యం చుట్టుపక్కల మామిడి తోటల్లో ఎవరి కాలు బెణికినా ముందు గోవిందస్వామి ఇంటికే వచ్చేవారు. ఆముదం వెచ్చచేసి మడమ నుంచి పైకి నాలుగుసార్లు తోమితే, కుంటుతూ వచ్చినవాడు నడిచి వెళ్లేవాడు. ఆయన చెయ్యి మంచిదని జనం అనేవారు. ముప్పై ఏళ్లుగా అదే మాట వింటుంటే ఎవరు మాత్రం పొంగిపోరు?

భార్య పంకజాక్షి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు ఏరేది. సీజన్ రెండు నెలలూ బెల్టు ముందు పన్నెండేసి గంటలు నిలబడటమే. ఈ ఏడు జూన్‌లో ఆమె ఎడమ పిక్క వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా తగిలింది. ఫ్యాక్టరీ నర్సమ్మ ఆస్పత్రిలో చూపించుకోమంది.

"ఈయన్ని ఇంట్లో పెట్టుకోని నేను ఆస్పత్రికి పోతే ఊరు నవ్వదా?" అని పంకజాక్షి కొట్టిపారేసింది. ఆయనా కాదనలేదు. మూడు సాయంత్రాలు అరుగు మీద కూర్చుని, ఆమె కాలు ఒళ్లో పెట్టుకుని పిసికాడు. నాలుగోనాడు పొద్దున ఊపిరాడటం లేదంటూ ఆమె గడపలోనే కూలబడింది. చిత్తూరు ఆస్పత్రికి చేరేసరికి ప్రాణం లేదు.

"కాలు ఎవరన్నా పిసికినారా?" అని డాక్టరమ్మ అడిగింది.

"నేనే మేడమ్."

ఆమె కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. కాళ్లలోకి దిగిన రక్తం సిరల గుండా మళ్లీ గుండెకు ఎక్కాలని, నడిచేటప్పుడు పిక్క బిగుసుకుని దాన్ని పైకి తోస్తుందని, వెనక్కి జారకుండా సిరల్లో చిన్న చిన్న తలుపులుంటాయని చెప్పింది. కదలకుండా గంటలకొద్దీ నిలబడితే రక్తం అక్కడే నిలిచి గడ్డకట్టొచ్చు. ఆ గడ్డ కదిలితే రక్తంతోపాటే గుండెకు చేరి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి పోయి అడ్డం పడుతుంది.

"పిసక్కపోయినా కదిలుండొచ్చు, చెప్పలేం" అంది. గోవిందస్వామికి ఆ మాట చెవికెక్కలేదు. ఇంత ప్రేమగా మనిషిని పోగొట్టుకోవడం పగవాడికి కూడా వద్దు.

ఈ సంగతి ఆయన కూతురికి చెప్పలేదు. వడమాలపేటలో కాపురముంటున్న రూపశ్రీ కర్మలకు వచ్చి, తండ్రిని చంటిబిడ్డలా చూసుకుంటోంది. పన్నెండోనాడు అన్నం వడ్డిస్తూ అంది. "పోయే ముందురోజు అమ్మ ఫోన్లో ఏమనిందో తెలుసా నాయనా? మీ నాయన చెయ్యి పడితే సగం నొప్పి పోతా ఉండాది అనింది."

ఆయన ముద్ద కంచంలో వదిలేసి అంతా చెప్పేశాడు.

రూపశ్రీ గరిటె గిన్నెలో పెట్టి, ఆయన ఎదురుగా కూర్చుంది. "అమ్మ వద్దనలేదా నాయనా?"

"లేదమ్మా. ఇంకొంచెం గట్టిగా పిసకమనింది."