అబొసెదే గోడ మీద సున్నం

అబొసెదే గొంతెత్తిందంటే మా ఊరు అబెయొకుటాలో ఆ వీధి మేకలు కూడా దారి మార్చుకునేవి. పొద్దున్నే ఇంటి ముందు బొబ్బర్ల వడలు వేసి అమ్మే మనిషి. భయమన్నది ఆవిడకు తెలియదని అందరి నమ్మకం. ఆ నెల మాత్రం ఆవిడకు కంటి మీద కునుకు లేదు.

వాళ్ల నాన్న పోతూ ఇల్లు ఆమె పేర రాశాడు. సవతి అన్న జినాదుకు అది మింగుడుపడలేదు. ఇలాంటప్పుడు మా ఊళ్లో అందరూ చేసే పనే ఆమె కూడా చేసింది. 'ఈ ఇల్లు అమ్మకానికి లేదు' అని వీధి గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకుంది. ఆ మాట లేని గోడ కనిపిస్తే చాలు, ఎవడో ఒకడు ఆ ఇల్లు తనదేనని చెప్పి ఇంకెవడికో అంటగట్టి పోతాడు.

మూడో రోజుకు అక్షరాల మీద సున్నం పడింది. మళ్లీ రాసింది. మళ్లీ సున్నం. బొగ్గుతో రాసింది, నీలిమందుతోనూ రాసింది. తెల్లారేసరికి గోడ పాలమీగడలా ఉండేది.

"జినాదు పనే," అంది పక్కింటి రఫతు.

"వాడా? కుర్చీలోంచి లేవాలంటేనే ఇద్దరు పట్టాలి. బకెట్టెక్కడ మోస్తాడే!"

అన్నదే గానీ, వీధిలో ఎవరు ఆగినా వడలు వదిలేసి లేచి చూసేది.

"పోనీ లాంకేని పిలిచి రాయించుకోవే. ఊళ్లో బోర్డులన్నీ వాడి చేతివేగా."

లాంకే అబొసెదే మొగుడే. జడలల్లే కొట్టు బోర్డు మీద ఆ కొట్టామె బొమ్మ మరీ ముద్దుగా గీశాడని గొడవై, రెండేళ్లుగా ఎదురు వరసలో తన అక్క ఇంట్లో ఉంటున్నాడు.

"నా గోడ బోసిగా పడుండనీ. వాడి కుంచె మాత్రం తగలకూడదు."

శనివారం పొద్దున కారొకటి ఆగింది. గంజి బట్టల పెద్దమనిషి దిగి, టేపు పట్టి గోడ కొలవడం మొదలుపెట్టాడు.

"జినాదుగారు చూసుకోమన్నారమ్మా. గోడ మీద ఏమీ రాసి లేదు, అమ్మకానికేగా?"

అబొసెదే గరిటె పట్టుకునే లేచింది. మూకుట్లో వడలు మాడుతున్నాయి. అంతలో లాంకే రంగు డబ్బాతో పరుగెత్తుకొచ్చాడు.

"కొనకండి సార్! ఆ గోడ చెరిపింది నేనే!"

"నువ్వా?" అబొసెదే గరిటె అతని వైపు తిప్పింది. "ఇల్లు పోయుంటే ఏం చేసేవాడివిరా సన్నాసీ?"

"బోసిపోతే నన్నే పిలుస్తావనుకున్నా. నువ్వేమో కోడి కెలికినట్టు నువ్వే రాస్తివి. చూడలేక మళ్లీ చెరిపా."

"ఇంతకీ అమ్ముతారా, అమ్మరా?" అన్నాడు పెద్దమనిషి.

"అమ్మం!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

ఆయన టేపు చుట్టేశాడు. "మొగుడూ పెళ్లాల తగాదా ఉన్న ఇల్లు నాకొద్దు బాబూ," అంటూ కారెక్కాడు.

లాంకే రాస్తుంటే ఆమె వెనకే నిలబడి ఒక్కో అక్షరం చూసింది. చివర ఆమె పేరు రాసి ఆగాడు.

"పక్కన నా పేరు కూడా..."

వీధి మలుపులో ఇంకో కారు హారన్ మోగింది. ఇద్దరూ అటే చూశారు. అది ఆగకుండా పోయింది.

"పేరెందుకు? మనిషివే వచ్చి ఇక్కడ కూర్చో," అంది అబొసెదే. "జినాదు రేపు ఇంకోడిని పంపుతాడు. నేనొక్కదాన్నే ఎంతమందిని తరమను?"