షాలిమార్‌లో దిగిన సైకిలు

విశాఖ నుంచి సిలిగురి దాకా సైకిల్ మీద వెళ్తానని ఆఫీసంతా చాటి బయల్దేరాను. బాలాసోర్ చేరేసరికి మోకాలు వాచింది. సైకిలును పార్సిల్ వేయించి, గుట్టుగా రైలెక్కేశాను.

సాయంత్రం కలకత్తా పక్కనున్న షాలిమార్‌లో దిగి, సైకిలుకి చుట్టిన గోనెపట్టా విప్పి పారేసి, స్టేషన్ వెనక సందులో ఉన్న అప్పన్నగారింటికి పది నిమిషాలు తొక్కాను. ఆయన మా ఆఫీసు మిత్రుడికి దూరపు చుట్టం. సోంపేట నుంచి వచ్చి, ముప్ఫై ఏళ్ళు ఆ గూడ్స్ యార్డులో సరుకు దించి, ఎక్కించి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నారు.

"అంత దూరం తొక్కుకొచ్చీసినావేటి బాబూ?" అన్నారు.

"ఆఁ" అన్నాను. బుద్ధి లేక అన్నాను.

మర్నాడు విశ్రాంతి. ఊరు చూపిస్తానని ఏడింటికే ఆయన చొక్కా వేసుకుని తయారయ్యారు. మరమరాలు, టీ అయ్యాక శిబ్‌పూర్ ఘాట్‌లో నది దాటే లాంచీ ఎక్కాం. నన్ను పర్సు తీయనివ్వలేదు. పక్కనున్న బెంగాలీ పెద్దమనిషిని "దాదా" అని పిలిచి, ఈ బాబు సైకిల్ మీద విశాఖపట్నం నుంచి వచ్చాడని చెప్పారు. అతను లేచి నాకు చోటిచ్చాడు. కూచున్నాను.

విక్టోరియా మెమోరియల్ టికెట్ల వరసలోనూ అదే మాట. పదిమంది నా కాళ్ళ వంక చూస్తుంటే పాలరాతి మేడ నాకు సగమే కనిపించింది. ఒంటిగంటకి భవానీపూర్‌లో భోజనం: అన్నం, పప్పు, గసగసాలు వేసిన బీరకాయ కూర, చేపల పులుసు. సంగతి విని హోటలాయన ఇంకో చేప ముక్క వడ్డించాడు. దాచడమెందుకు, అదీ తినేశాను.

నాలుగింటికి ఇల్లు చేరాం. అప్పన్నగారు ఆవనూనె వెచ్చచేసి తెచ్చి, కాలు చాపమన్నారు. డెబ్భై ఏళ్ళ మనిషి నా కాలు పట్టడమేమిటని గింజుకున్నాను. వినలేదు. నూనె రాస్తూ, తలెత్తకుండానే అన్నారు:

"ఈ మోకాలితో రైలెక్కీసి మంచి పని సేసినావు."

సైకిలు వంక చూపించారు. సీటు కింద గొట్టం మీద గోనె చుట్టకముందే పార్సిల్ ఆఫీసువాళ్ళు నల్లరంగుతో వేసిన నంబరు, రెండు స్టేషన్ల గుర్తులు అలాగే ఉన్నాయి. గోనె విప్పానే గానీ వాటిని నేను చూసుకోలేదు. ఆయన ముప్ఫై ఏళ్ళూ చదివింది ఆ గుర్తులనే. నేను గుమ్మంలోకి రాగానే చూశారట.

"మరి పొద్దుటి నుంచి అందరికీ అలా చెప్పారేం?"

"నువ్వు అలగన్నావు కదా. ఇంటికొచ్చినోడి మాట నాను కాదంతానా?"

నాకు తల కొట్టేసినట్టయింది. నా అబద్ధాన్ని ఆ పెద్దాయన పొద్దంతా ఊరి మీద మోశారు.

మర్నాడు ఆరింటికి సందులోని తెలుగువాళ్ళంతా నన్ను సాగనంపడానికి వచ్చారు. రేవులో పనిచేసే ఒకాయన బంతిపూల దండ తెచ్చాడు. అది మెడలో పడేలోపే చెప్పేశాను, బాలాసోర్ నుంచి రైల్లో వచ్చానని. దండ తెచ్చినాయన అప్పన్నగారి వైపు తిరిగి, "నీకు తెలీదేటి?" అన్నాడు.

ఆయన నోరు తెరవకముందే, "ఆయనకి తెలీదు. ఆయన్ని కూడా మోసం చేశాను" అన్నాను.

అప్పన్నగారు నా వంక ఒకసారి చూసి ఊరుకున్నారు.

ఆ మోకాలితో సిలిగురి అయ్యే పని కాదు. విశాఖ రైలుకి మళ్ళీ సైకిలు పార్సిల్ వేశాను. గోనె ఆయనే చుట్టి, ఆయనే కుట్టారు. ఆయనకి తెలీదన్న నా మాటని పొద్దున్న అందరి ముందూ కొట్టిపారెయ్యలేదేమని ప్లాట్‌ఫాం మీద అడిగాను.

"బండి కదిలీదాకా నువ్వు మా ఇంటి సుట్టానివే కదా."

కలకత్తా వెళ్ళేవాళ్ళు లాంచీ ఎక్కండి, బీరకాయ కూర తినండి. షాలిమార్‌లో దిగితే మాత్రం రైల్లోనే వచ్చామని చెప్పండి.

బండి కదిలింది. ఆయన చెయ్యి ఊపుతూ నిలబడ్డారు. బాలాసోర్ దాటేదాకా నేను తలెత్తలేదు.