మిగిలిపోయిన మూడో రోజు

హైదరాబాద్‌కు ఐటీ కంపెనీలు వరసగా వస్తున్న రోజులవి. నేను మొయినాబాద్ దగ్గరి కనకమామిడిలో ఒక ఫామ్‌హౌస్‌లో వంట చేసేదాన్ని. ఆ ఇంటివాళ్ళు వినోద పార్కుకు మూడు రోజుల టికెట్లు కొని, రెండు రోజులకే అలసిపోయారు.

"సుగుణా, రేపు ఒక్కరోజు మిగిలింది. నువ్వూ నీ పాపా వెళ్ళి రండి" అంటూ మేడమే రెండు టికెట్లు నా చేతిలో పెట్టింది.

ఎనిమిదేళ్ళ నా కూతురు స్వప్నతో మొయినాబాద్‌లో బస్సెక్కి వెళ్ళాను. గేటు దగ్గరి ఉద్యోగి టికెట్ల మీది పేర్లు చూసి, "ఇవి మీవి కావు. ఎక్కడివి?" అని అడిగాడు.

"మా మేడమ్ ఇచ్చింది సార్. నేను అడగనే లేదు."

అతను టికెట్ల మీదున్న నంబరు చూసి మేడమ్‌కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టాడు.

"మేమెవరికీ ఇవ్వలేదు. ఇంట్లోంచి తీసుకుపోయిందేమో" అందామె.

వరసలో నిలబడ్డ వాళ్ళంతా నావైపు తిరిగారు.

"అమ్మా, మేడమే ఇచ్చింది గదా! ఎందుకు చెప్తలేవు?" అంటూ స్వప్న నా కొంగు పట్టుకుని ఏడ్చింది. టికెట్లు లాక్కుని మమ్మల్ని పంపేశారు.

మర్నాడు మేడమ్, "సారీ సుగుణా, టికెట్లు వేరేవాళ్ళకిచ్చామని తెలిస్తే మమ్మల్ని మళ్ళీ రానివ్వరేమోనని అలా అన్నాను" అంది. పక్కనే ఉన్న నా బిడ్డవైపు కనీసం చూడలేదు. ఆ రోజే పని మానేశాను.

దొంగనన్న మాట ఎప్పుడో మరిచిపోయేదాన్ని. నా బిడ్డ వినేలా అన్నందుకు మాత్రం ఆమెను ఈనాటికీ క్షమించలేకపోతున్నాను.