నవ్వుల నూనె, మా బావ ఇంగ్లీషు

నలుగురు నవ్వుతుంటే మా బావ చూస్తూ ఊరుకోలేడు. "ఈ నవ్వుని ఇంగ్లీషులో ఏమంటారో తెలుసా?" అంటూ అడ్డం పడతాడు. పొంగే పాలమీద నీళ్ళు చల్లినట్టు నవ్వు కాస్తా చల్లారిపోతుంది.

ఊరిబళ్ళో అయిదో తరగతితో చదువాపి, ఒక్క ట్రెడిల్ మిషనుతో ప్రెస్సు పెట్టి, దాన్ని మూడు ఆఫ్‌సెట్ మిషన్ల దాకా తెచ్చినవాణ్ణి నేను. ముద్రాపకుల సంఘం వాళ్ళిచ్చిన షీల్డు నా కుర్చీ వెనకే ఉంది, ఎవరొచ్చినా చూపిస్తాను. అంతటి ప్రెస్సుకి మా అక్క మొగుడు ప్రూఫ్‌రీడరు. అచ్చుతప్పులు ఎన్ని పట్టాడో గానీ, ఇంగ్లీషువాడు నవ్వు గురించి అన్న మాటల్లో ఒక్కటీ వదల్లేదు.

ఓసారి మా బైండరు కాగితాల కట్ట ఎత్తబోతే ప్యాంటు వెనక కుట్టు పర్రుమంది. అందరూ విరగబడి నవ్వారు. బావ కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసి, దీన్ని 'ఇన్ స్టిచెస్' అంటారు, అంటే కుట్లలో ఉండటం అన్నాడు.

"కుట్లు ఊడింది అతనికైతే, కుట్లలో ఉండేది మేమెలాగండీ?" అన్నాడు మిషన్‌మన్.

"నవ్వీ నవ్వీ డొక్కలో సూది పొడిచినట్టుంటుందయ్యా. మనకి పొట్ట చెక్కలవుతుంది, వాళ్ళకి పక్కలు చీలతాయి. ఇంకా ఎక్కువైతే తలకాయే ఊడుతుందట. నవ్వు ఏ దేశంలోనైనా ఒంటికి చేటే."

ఊడిన తలకాయతో ఎలా నవ్వుతారని వాదన మొదలైంది. ఈలోగా బైండరు ఇంటికెళ్ళి ప్యాంటు మార్చుకొచ్చేశాడు. వెళ్ళిందీ వచ్చిందీ ఎవరూ చూడలేదు.

నాకు షీల్డిచ్చిన రోజునా అంతే. నా చరిత్రంతా ఏకరువు పెట్టి, చివర్లో గొంతు సవరించుకుని, "మీ అందరికీ నా కృతఘ్నతలు" అన్నాను. హాలు గొల్లుమంది. నా ప్రసంగం ఇంతమందిని ఆనందపెట్టిందే అని నేను మురిసిపోతుంటే, వెనక వరసలోంచి బావ లేచి, ఈ నవ్వుని ఇంగ్లీషులో ఏమంటారో తెలుసా అని మొదలెట్టాడు. సభంతా అటు తిరిగింది. నా వైభవాన్ని ఓర్వలేకపోయాడని చాన్నాళ్ళు ఆయనతో ముభావంగా ఉన్నాను.

ఇంట్లో కూడా ఇదే గొడవా అని అక్కని అడిగాను. "అదేం లేదురా, నేనేదైనా తమాషా చెబితే పగలబడి నవ్వుతాడు, అంతే" అంది. నాకు వింతగా తోచింది.

మా చెల్లెలి కూతురు కొత్తగా ప్రెస్సులో టైపింగుకి చేరింది. నాలుగు రోజుల్లో తిరిగొస్తుందని వాళ్ళ నాన్న ఎగతాళి చేసి మరీ పంపాడు. నేనూ మొహమాటపడలేదు, ఇంకో తప్పు చేస్తే ఇంటికేనని చెప్పేశాను. ఆ మర్నాడే నూనెమిల్లు ఆసామి లేబుళ్ళ కట్ట పట్టుకుని వచ్చాడు. మీద పెద్ద అక్షరాలు: 'స్వచ్ఛమైన నవ్వుల నూనె'. 'న' పక్కన కొమ్ము ఎగిరిపోయింది.

ప్రెస్సంతా పడీ పడీ నవ్వింది. తలకి రాసుకుంటే కితకితలు పుడతాయేమో అన్నాడు మిషన్‌మన్. పిల్ల మొహం కందిపోయింది. సంచీ భుజాన వేసుకుని గుమ్మం వైపు కదిలింది.

బావ తన కుర్చీని సరిగ్గా గుమ్మానికి అడ్డంగా జరిపాడు. "ఆగమ్మా, నువ్వూ విను. కితకితలు పెడితే గులాబీరంగుకి తిరగడాన్ని 'టికిల్డ్ పింక్' అంటారు."

"నా నూనె పసుపండీ" అన్నాడు ఆసామి.

"అయితే ఇంకోటి చెబుతాను. వాళ్ళకి నవ్వుకి విడిగా ఒక ఎముకుంది, 'ఫన్నీ బోన్'. ఎక్కడో చూపిస్తానుండండి." చూపించడానికి మోచేతిని బల్లకేసి టప్పున కొట్టాడు. మరుక్షణం చెయ్యి పట్టుకుని, ఒంటికాలిమీద గెంతుతూ బల్ల చుట్టూ తిరిగాడు. ఆసామి బొజ్జ ఎగిరెగిరి పడింది. అందరి కళ్ళూ బావమీదే. పిల్ల కూడా కిసుక్కుమంది. సంచీ దించి, "తగిలిందా పెదనాన్నా?" అంటూ తన కుర్చీలో కూర్చుని కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

కాసేపటికి కొత్త లేబులు నా ముందు పెట్టింది. ఈసారి కొమ్ము కోడెదూడ కొమ్ములా నిక్కి ఉంది. మళ్ళీ అచ్చేసి పంపమని చెప్పి, పాత లేబులొకటి వాళ్ళావిడకి చూపిస్తానని జేబులో పెట్టుకుని వెళ్ళాడు ఆసామి. ఇంటికి పంపించే మాట నేను మళ్ళీ ఎత్తలేదు.

అప్పుడు వెలిగింది నాకు. బావ దగ్గరికెళ్ళి కూర్చున్నాను.

"బావా, ఎవరైనా తమాషా చెప్పి నవ్వించినప్పుడు నీ ఇంగ్లీషు బయటికి రాదేం? ఒక మనిషిని చూసి నవ్వినప్పుడే వస్తుందే?"

"తమాషాకైతే నాకూ నవ్వొస్తుంది కదోయ్. మధ్యలో ఇంగ్లీషుకి తీరికెక్కడ?" అన్నాడు, మోచేయి రుద్దుకుంటూ.

తల ఊపి లేవబోయాను. అంతలో ఇంకో సంగతి గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాను.

"మరి నాకు షీల్డిచ్చిన రోజు, హాల్లో వాళ్ళంతా నవ్విన నవ్వుని ఇంగ్లీషులో ఏమంటారు బావా?"

బావ నావైపు చూశాడు. షీల్డు వైపు చూశాడు. కళ్ళద్దాలు నుదుటిమీంచి ముక్కుమీదికి దించి ప్రూఫు అందుకున్నాడు.

"అదొక్కటి మర్చిపోయానోయ్."

నవ్వు గురించి మా బావకి రాని ఇంగ్లీషు మాట ఒకటుందని కనిపెట్టిన ఘనత కూడా నాదే.