నాయనమ్మను చంపి తెచ్చుకున్న సెలవు

నాలుగో తరగతిలోనే బడికీ నాకూ పొత్తు కుదరక విడిపోయాం. కొన్నేళ్లకు పటాన్‌చెరులో ఫౌజు భర్తీవాళ్లు నా ఛాతీ కొలిచారు. తెలివిని కొలిచే టేపు వాళ్ల దగ్గర లేకపోవడం నా అదృష్టం. అలా పందొమ్మిది వందల యాభైలలో బెంగళూరు కంటోన్మెంటులో సిపాయినయ్యాను.

మా సుబేదారుది సంగారెడ్డి. నిజాం ఫౌజు నుంచి కొత్త ఫౌజులోకి వచ్చిన ముస్లిం పెద్దమనిషి. కంపెనీలో ఎవరికి ఏ డ్యూటీ, ఎవరికి ఎప్పుడు సెలవు, అన్నీ ఆయనే చూసేవాడు. నాది అదే జిల్లాలో వెలిమెల. ఆయన తెలుగులో నోరు తెరిస్తే మా వాడకట్టు వచ్చి పక్కన కూర్చున్నట్టుండేది. మన జిల్లా మనిషి ఉండగా మనకేంటని నాకు ధీమా.

మా ఊర్లో పీర్ల పండుగకు పులి వేషం కట్టేది నేనే. ఆ ఏడు నా వంతు సెలవుకు ఇంకా నాలుగు నెలలుంది. పులి లేనిదే పీర్లు లేవవన్నట్టు, సుబేదారు ముందు నిలబడి నాయనమ్మ చచ్చిపోయిందని ఏడ్చాను. ఊరి నుంచి వచ్చిన తార్, అంటే టెలిగ్రాం, ఏదని కూడా అడగకుండా పది రోజులు సెలవు రాయించాడు.

ఒకేసారి ఇంతమందే సెలవులో ఉండాలని నియమం. నేను వెళ్లాలంటే ఒకరు ఆగాలి. ఆగింది నా పక్క మంచం తమిళ సిపాయి. అతని భార్యకు తొలి కాన్పు. "నువ్వు పో, పుట్టేవాడు ఎక్కడికీ పారిపోడు" అని వచ్చీరాని హిందీలో చెప్పి, నా ట్రంకు పెట్టె స్టేషను దాకా మోశాడు. వంతు తప్పిన అతని పేరు జాబితా అడుక్కి పోయింది. నేను హాయిగా పులినై గంతులేసి వచ్చాను.

రెండు నెలలకు సుబేదారు ఊరికి వెళ్లొచ్చాడు. సుబేదార్లకు సెలవు జాబితా వేరు. వచ్చిన మర్నాడే నన్ను పిలిచాడు.

"వెలిమెలకు పోయిన బేటా. మీ ఇంట్ల పరామర్శ చేసొద్దామని."

"ఇంట్ల ఎవలున్నరు సాబ్?"

"మీ నాయనమ్మ ఉండె. సచ్చిపోయినా గానీ సల్ల మస్తుగ చేస్తది. రెండు గిలాసలు తాగిన."

"ఆమెకు చెప్పిన్రా సాబ్?"

"చెప్తే ఊకుంటదా? కట్టె పట్టుకొని బెంగళూరు దాక వస్తుండె."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఒక్క జిల్లోళ్లం గద సాబ్, జెర..."

"గందుకే ముందుగాల నీకు చెప్తున్న. మీ నాయనమ్మ ముచ్చట ఇడిసిపెట్టు బేటా, ఆమె బతికే ఉన్నది. ఆ పది దినాలు ఎవనియిరా?"

"నా పక్క మంచమోనియి సాబ్."

"వాని బిడ్డ పుట్టి నెల దాటింది. వాడింక మొకం సూడలే. రేపు పొద్దుగాల నువ్వే పోయి కప్తాన్ సాబ్‌కు చెప్పు. నువ్వు చెప్పకుంటే నేను చెప్త."

ఒంటి మీది వర్దీ ఊడి నౌకరీ పోతుందని నా భయం. అది పోతే ఊళ్లో నాకు మిగిలేది పులి వేషమే. అయినా మర్నాడు వెళ్లాను. తప్పు చేసినవాణ్ణి టోపీ, బెల్టు తీయించి లోపలికి పంపుతారు. అవి లేని సిపాయి ఈకలు పీకిన కోడిలా ఉంటాడు. కప్తాన్ అంతా విని, ఇతణ్ణి ఉంచాలా, పంపాలా అని సుబేదారును అడిగాడు.

ఆయన ఉర్దూలో చెప్పింది నాకు ఇప్పటికీ మాట మాట గుర్తుంది. "అబద్ధం చెప్పాడు సాబ్, మా జిల్లావాడని దాన్ని తగ్గించి చెప్పను. తన కాళ్లతో తానే వచ్చి ఒప్పుకున్నాడు, దాన్నీ తగ్గించను. పని నేర్చుకునే మనిషి, ఉంచండి. తార్ అడక్కుండా సెలవు రాయించిన తప్పు నాది. అది కూడా రాసుకోండి."

నన్ను ఉంచారు. నా వంతు సెలవు తమిళ సిపాయికి వెంటనే ఇచ్చారు. వెళ్లేటప్పుడు అతను నాతో మాట్లాడలేదు. అది న్యాయమే. తిరిగొచ్చాక మాత్రం, "బిడ్డకు నీలాంటి ముక్కు రాలేదు, దేవుడి దయ" అన్నాడు. నన్ను క్షమించాడని అర్థమైంది.

నాకు పడిన శిక్ష, పద్నాలుగు రోజులు వీపున మూటతో ఎండలో కవాతు. కాపలాకు ఓ నాయక్ హోదావాడు చాలు. కానీ రోజూ సుబేదారే వచ్చి, గొడుగూ చెట్టూ లేని చోట నాతో సమానంగా నిలబడేవాడు.

"మీరు నీడకు పోరాదు సాబ్."

"నోరు మూసి నడువు. ఎడమ కాలు సుస్తయితుంది."

ఆఖరి రోజు మూట తన చేత్తో దింపి, "ఇగ అయిపోయింది. ఈ ముచ్చట మళ్ల నా నోట్లకెళ్లి రాదు" అన్నాడు.

ఆయన కింద ఇంకా మూడేళ్లు పనిచేశాను. నన్ను తిట్టాడు, నా జోకులకు మీసం చాటున నవ్వాడు, లాన్స్ నాయక్ ప్రమోషనుకు నా పేరు పంపాడు. ఆ ముచ్చట ఒక్కనాడూ ఎత్తలేదు.