ప్రతి వంటకీ ఒక ముత్తవ్వ

మా పెదనాన్నకి వంటల్లో ముత్తవ్వలు కనిపిస్తారు.

పిల్లలకి మబ్బుల్లో ఏనుగులు కనిపించినంత తేలిగ్గా కనిపిస్తారు. కంచం ముందు పెట్టగానే ఒక చెంచా నోట్లో పెట్టుకుంటాడు, కళ్ళు మూసుకుంటాడు, తల కాస్త పక్కకి వాలుస్తాడు. అంతటితో మా పని అయిపోయినట్టే. ఆ వంట మా వంశంలో ఏ ముత్తవ్వ చేతిదో, ఆవిడ ఎవరి కూతురో, ఎవరి కోడలో, దాన్ని అలాగే ఎందుకు వండేదో చెప్పి ముగించేదాకా మేమెవరం చెయ్యి కదపడానికి వీల్లేదు. ఆ ముత్తవ్వల పుణ్యమా అని మా ఇంట్లో వేడిగా వడ్డించినవి కూడా చల్లారాకే నోటికి అందుతాయి.

లెక్కప్రకారం ఎవరికైనా ముత్తవ్వలు నలుగురే. మా పెదనాన్నకి మాత్రం వారానికొకరు పుట్టుకొస్తారు. ఒకావిడది ఎడమచేతి వాటం, ఒకావిడ ఆరడుగుల మనిషి, ఒకావిడకి ఉప్పంటే గిట్టదు, ఇంకొకావిడ ఉప్పు డబ్బా చంకలో పెట్టుకునే తిరిగేది. ఒక్క మనిషికి ఇంతమంది ఎలా ఉంటారని నేనొకసారి నిలదీశాను. ఆయన నాకేసి జాలిగా చూసి, "మనది పెద్ద కుటుంబంరా" అన్నాడు.

నిజానికి ఈయన చరిత్రకారుడూ కాదు, వంటవాడూ కాదు. వీధి మలుపులో గొడుగులు బాగుచేస్తాడు. కొట్టంటే ఒక బల్ల, ఒక స్టూలు, గోడకి వేలాడే ఊచలు, ఎవరూ వచ్చి తీసుకెళ్ళని గొడుగుల గుట్ట. వానలు పడుతున్నన్నాళ్ళూ ఊపిరాడదు, మిగతా రోజులన్నీ ఈగలు తోలుకోవడమే. పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉంటాడు. ఎండలు కాసే కాలంలో మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చిన మనిషికి మళ్ళీ కొట్టు గుర్తు రావడం కష్టం. ముత్తవ్వలు ఎక్కువగా ఆ రోజుల్లోనే పుడతారు.

ఆయన మాట కాదనడానికి సాక్షులు లేకపోవడం మా ఖర్మ. మా నాన్న ఆయనకి స్వయానా తమ్ముడే గానీ, మా నాయనమ్మ పోయేనాటికి ఇంకా పాకుతున్నాడు. అందరికంటే పెద్దది మా అత్త. ఆవిడకి అన్నీ తెలుసు గానీ, పెళ్ళయి ఎక్కడో దూరాన ఉంటుంది, మోకాళ్ళ నొప్పులతో ప్రయాణాలు మానుకుంది. అందుకని పెదనాన్న చెప్పిందే మా ఇంటి చరిత్ర.

ఒకసారి అమ్మకి జ్వరం వచ్చి నాన్న వంటింట్లోకి దిగాడు. ఆయన వేసిన ఆమ్లెట్ సగం పెనానికి అంటుకుపోయింది, సగం కంచాల్లోకి వచ్చింది. మొదటి ముక్కకే పెదనాన్న నోట్లో ఏదో కరకరమంది. నాన్న మొహం వాడిపోయింది. పెదనాన్న మాత్రం అప్పటికే కళ్ళు మూసుకున్నాడు.

"పెంకు వేశావా?" అని అడిగాడు.

"పొరపాటున పడిందన్నయ్యా."

"పొరపాటు కాదురా, నీ రక్తంలో ఉంది. ఎముకలకి బలమని మన ముత్తవ్వ పెంకు నలిపి మరీ వేసేది. చివరిదాకా ఆవిడ నడుం వంగలేదు."

నాన్నకి ఎక్కడలేని ఉత్సాహం వచ్చి ఇంకో రెండు వేశాడు, ఈసారి పెంకులు తగ్గకుండా చూసుకుని. జ్వరం అమ్మకైతే, లంఖణం మాకయింది.

నేను కేకు చేశాను, అది పొంగక పలకలా వచ్చింది. ఆ పలకకీ ఒక ముత్తవ్వ దొరికింది. ఓడలో పనిచేసే ముత్తాత పెట్టెలో, బట్టల అడుగున పట్టాలని ఆవిడ కేకుని పొంగనిచ్చేది కాదట. పొంగించడం ఎవరికైనా వస్తుందట, పొంగకుండా ఆపడమే విద్యట. నేను ఆ విద్య గురించి ఆఫీసులో నెల్లాళ్ళు గొప్పలు చెప్పుకున్నాను. పక్కింటి మందుల షాపాయన, భార్య పుట్టింటికెళ్ళినప్పుడు, తను వండిన కూర రుచి చూడమని పట్టుకొచ్చాడు. ఉప్పు వెయ్యడమే మర్చిపోయాడు పాపం. పెదనాన్న వెంటనే ఉప్పంటే గిట్టని ముత్తవ్వని పిలిచాడు. మీకూ మాకూ చుట్టరికం లేదు కదండీ అని ఆయన నసిగితే, "వెతికితే ఉంటుంది లెండి" అన్నాడు. ఆనాటినుంచి ఆ షాపాయన మా ఇంట్లో అందరినీ వరసలు పెట్టి పిలుస్తున్నాడు. నేను ఆయనకి బావమరిదినట.

ఇంతమంది ముత్తవ్వల్లో అమ్మ వాటాకి మాత్రం ఒక్కరూ రాలేదు. అమ్మ వంట చేస్తే వీధి చివరి మనుషులకి కూడా ఆకలేస్తుంది. పెదనాన్న ఆ వంట ముందు కూర్చుని తలొంచుకుని తింటాడు, మారు అడుగుతాడు, చెయ్యి కడుక్కుని లేచిపోతాడు. కళ్ళు మూసుకోవడం గానీ, తల వాల్చడం గానీ ఉండదు. గుడ్డుపెంకులకి దక్కిన గౌరవం తనకి దక్కలేదని అమ్మకి లోపల ఒకటే ఉడుకు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"బావగారూ, నా వంట ఒక్కటైనా మీ ముత్తవ్వల వంటలా లేదా?"

"లేదమ్మా," అని పెదనాన్న ఇంకో గరిటె వేయించుకున్నాడు.

అన్నయ్య పెళ్ళయి వదిన వచ్చింది. కుట్టుపనిలో వదినని మించినవాళ్ళు లేరు. వంటలో మాత్రం అఆలు రావు. అన్నయ్య ఏ లోకంలో ఉన్నాడో గానీ, తను అద్భుతంగా వండుతుందని అందరికీ చాటింపు వేసి కూర్చున్నాడు. కాదని చెప్పలేక, వచ్చిన వారంలోనే ఉల్లిపాయలూ బంగాళదుంపలూ వేసి సూప్ పెట్టింది. ఉల్లిపాయలు గిన్నె అడుగున బొగ్గయ్యాయి. ఆ కంగారులో పాలు పోసి కలిపేసింది. బల్ల మీదకి వచ్చిన సూప్ బూడిద రంగులో ఉంది, వాసన గది దాటి వీధిలోకి వెళ్తోంది. అన్నయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అమ్మ ఊపిరి పీల్చుకుంది, అంటే నోరు తెరవబోతోందని అర్థం. వదిన కళ్ళల్లో నీళ్ళు అంచుదాకా వచ్చి ఆగాయి.

అప్పుడు పెదనాన్న తల పక్కకి వాలింది.

"ఈ వంట నీకెవరు నేర్పారమ్మా?" అని అడిగాడు. "ఇది మా అమ్మ చేసే మాడు సూప్. ముత్తవ్వ కూడా కాదు, మా సొంత అమ్మ. ఆవిడ పోయాక మళ్ళీ ఇవాళే తాగడం."

సాక్షాత్తూ నాయనమ్మ పేరే ఎత్తాక అమ్మ ఇంకేమంటుంది, తెరిచిన నోట్లో సూపే పోసుకుంది. వదిన ఆ మాటని మనసులో పెట్టుకుంది. వారం వారం అదే సూప్ పెట్టి, మొదటి గిన్నె పెదనాన్నకి ఇచ్చేది. ఉల్లిపాయ ఏ రంగుకి వచ్చేదాకా ఆగాలో, ఎక్కడ దాటితే చేదెక్కుతుందో, పాలు ఎప్పుడు పోస్తే ఆ మాడు కమ్మదనంగా మారుతుందో, బట్ట కత్తిరించినంత శ్రద్ధగా నేర్చుకుంది. నిజం చెప్పొద్దూ, కొన్నేళ్ళకి ఆ సూప్ కోసం మేమే ఎదురుచూడ్డం మొదలుపెట్టాం. షాపాయన అయితే వరస కలిసింది కదా అని గిన్నె పట్టుకునే వచ్చేవాడు.

చివరికి వదిన కుట్టుపని మానేసి, మార్కెట్ పక్కన ఒక గది తీసుకుని సూపు కొట్టు పెట్టాలని నిర్ణయించుకుంది. ఆ గదిలో నాలుగు బల్లలు, ఒక పెద్ద పొయ్యి, గోడకి కొత్త సున్నం. బయట బోర్డు: 'మాడు సూప్. మా అత్తవారింటి తరతరాల రుచి.' మేమంతా చంకలు గుద్దుకున్నాం. పెదనాన్న ఒక్కడే బోర్డు కింద నిలబడి, "ఇంత పెద్ద అక్షరాలెందుకమ్మా?" అని గొణిగాడు.

అసలు గొణుగుడు ఆ తర్వాత వచ్చింది. వదిన ఎవరికీ చెప్పకుండా అత్తకి ఫోన్ చేసి, మీ అమ్మగారి సూప్ మొదటి గిన్నె మీరే తాగాలని బతిమాలిందట. మోకాళ్ళని లెక్కచెయ్యకుండా అత్త బయల్దేరిందట. ఆ కబురు వినగానే పెదనాన్నకి గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. అక్కకి వేడి పదార్థాలు పడవని వదినతో చెప్పాడు. కొట్టు తెరవడం వాయిదా పడిందని అక్కకి ఫోన్ చేశాడు. ఆ ఫోన్ ఎత్తేసరికే అత్త రైల్లో ఉంది.

ఆవిడ దిగాక ఇంకో ఎత్తు వేశాడు. అత్త గొడుగు లేకుండా అడుగు బయట పెట్టదు, ఎండైనా, వానైనా. తెల్లారగానే పెదనాన్న ఆ గొడుగుని చేతిలోకి తీసుకుని, ఊచ వదులైందని బాధపడి, మేం కాఫీ తాగేలోపు దాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి బల్ల మీద పరిచాడు. బిగించడానికి సాయంత్రం అవుతుందన్నాడు. అత్త నేరుగా వీధి మలుపుకి నడిచి, ఆయన కొట్టులో గుట్టలోంచి ఎవరిదో పువ్వుల గొడుగు లాగి, వేసుకుని మార్కెట్ వైపు బయల్దేరింది. వెనకాల పెదనాన్న తేలు కుట్టిన దొంగలా నడిచాడు.

కొట్టు నిండిపోయి ఉంది. మార్కెట్ వాళ్ళు, వదిన దగ్గర బట్టలు కుట్టించుకున్న ఆడవాళ్ళు, షాపాయన, బోర్డు రాసిన పెయింటరు, మేమంతా. వదిన అత్తని ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టి, గిన్నె పెట్టి, ఈవిడ మా మావగారి అక్కగారనీ, అసలు రుచి ఎరిగింది ఈవిడొక్కరేననీ అందరికీ చెప్పింది. అత్త ఒక చెంచా తాగింది. ఇంకో చెంచా తాగింది. పెదనాన్న తన చెప్పులకేసి చూసుకుంటున్నాడు.

"ఇది మా అమ్మ చేసేదని ఎవరన్నారు?" అని అడిగింది అత్త.

"పెదమావయ్యగారు," అంది వదిన.

"మా అమ్మకి వంటే రాదమ్మా. ఆవిడ నీళ్ళు కాచినా మాడు వాసన వచ్చేది."

కొట్లో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. వదిన చేతిలో గరిటె ఆగిపోయింది. చేస్తున్న పని వదిలేసుకుని, ఆ రుచిని నమ్ముకుని, అంత పెద్ద అక్షరాలతో బోర్డు కట్టించుకున్న మనిషి. ఆవిడ మొహం చూస్తే నాకు పెదనాన్న మీద ఒళ్ళు మండింది.

"మావయ్యగారూ, ఆ రోజు నా సూప్ బాగోలేదా?"

"బాగోలేదమ్మా," అన్నాడు పెదనాన్న. "రెండో ఏటినుంచి బాగుంది."

"మరి మొదటి ఏడాదంతా?"

"తాగాను కదమ్మా."

నాన్నా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయనకి పెంకులు గుర్తొచ్చాయి, నాకు కేకు. షాపాయన గోడకేసి తిరిగాడు. అమ్మ మొహం మాత్రం వెలిగిపోయింది. ఇన్నేళ్ళూ తన వంటకి ముత్తవ్వ ఎందుకు దొరకలేదో ఆవిడకి అప్పుడు అర్థమైంది.

వదినకి ఇంకా అర్థం కాలేదు. అంత అబద్ధం ఎందుకు చెప్పారని మళ్ళీ అడిగింది. పెదనాన్నకి బదులు అత్త చెప్పింది.

"మా నాన్నా ఇంతేనమ్మా. మా అమ్మ ఏది మాడ్చి పెట్టినా, అచ్చం వాళ్ళమ్మ చేసినట్టే ఉందని గిన్నె ఖాళీ చేసేవాడు. ఆయన పుట్టగానే వాళ్ళమ్మ పోయింది. ఆవిడ చేతి ముద్ద ఒక్కటైనా తిని ఎరగడు. మా అమ్మకీ ఆ సంగతి తెలుసు. అయినా ఆ మాట అన్నప్పుడల్లా మురిసిపోయేది. వీడు ఆ పక్కనే కూర్చుని వింటూ పెరిగాడు. మా ఇంట్లో తాతలనాటిది ఏదైనా మిగిలిందంటే ఈ అబద్ధమొక్కటే."

నాకు పెదనాన్న మీద కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. మా తాతని నేను చూడలేదు. ఆ నిమిషంలో ఆయన నాకు బాగా తెలిసిన మనిషిలా అనిపించి గర్వపడ్డాను.

వదిన కొంగుతో మొహం తుడుచుకుంది. పెదనాన్న దగ్గరికి వెళ్ళి, ఒక గిన్నె నిండా సూప్ పోసి చేతికిచ్చింది. తర్వాత పెయింటరు కేసి తిరిగి, బోర్డు దించెయ్యమంది. సూప్ బాగుంటే జనం వస్తారనీ, లేని తరాలు చెప్పి అమ్మడం తనకిష్టం లేదనీ అంది. పెయింటరు పాపం నిచ్చెన కోసం వెతుక్కుంటూ లేచాడు.

"కూర్చో నాయనా," అంది అత్త. వదినని దగ్గరికి పిలిచింది. "దించకమ్మా. మా అమ్మే బతికుండి ఇది తాగితే, తనే చేశానని వీధి వీధంతా చెప్పుకుని తిరిగేది."

పెదనాన్న ఏదో అనడానికి కళ్ళు మూసుకుని తల వాల్చబోయాడు. నువ్వు నోరు మూసుకుని తాగరా అని అత్త గదిమింది. తన గిన్నె వదిన ముందుకి చాపి, ఈసారి అడుగునుంచి వెయ్యమంది.